వెన్నుపాము దెబ్బ తర్వాత మూత్రం పోసేటప్పుడు ప్రోస్టేట్ సాగుతోందా? అల్ట్రాసౌండ్‌తో ఎలా చూడాలి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అడిగింది గుంటూరు కొత్తపేటలో స్కానింగ్ చేసే ఒక రేడియాలజిస్టు. 28 ఏళ్ల గీత కార్మికుడు తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు, టీ5 (ఛాతీ భాగంలో అయిదో స్థాయి) దగ్గర వెన్నుపాము పూర్తిగా దెబ్బతింది, 14 నెలలైంది. చేతులు బాగానే పనిచేస్తాయి. కండోమ్ కాథెటర్ (అంగం మీద తొడిగి మూత్రం సంచిలోకి పంపే తొడుగు) పెట్టుకుంటున్నాడు. పొత్తికడుపు తడితే మూత్రం వస్తుంది, కానీ ఆగి ఆగి వస్తుంది, పోశాక కూడా 250 మి.లీ. మిగులుతోంది. ట్రస్‌లో (రెక్టమ్‌లో, అంటే మలాశయంలో ప్రోబ్ పెట్టి చేసే అల్ట్రాసౌండ్) ప్రోస్టేట్ 18 సీసీ, షియర్ వేవ్‌లో (కణజాలం గట్టిదనం కొలిచే స్కాన్) మెత్తగానే ఉంది. యూరాలజిస్టు మాత్రం "మూత్రం పోసేటప్పుడు ప్రోస్టేట్ సాగుతోందో లేదో చూసి చెప్పండి" అని చీటీ రాసి పంపారు. ఎలా చూడాలి, ఎంత ఉంటే నార్మల్ అనాలి?

డాక్టరు గారూ, షియర్ వేవ్ ఇచ్చిన కిలోపాస్కల్ అంకె పక్కన పెట్టేయండి. మనిషి కదలకుండా పడుకున్నప్పుడు కణజాలం ఎంత గట్టిగా ఉందో అది చెబుతుంది. గడ్డ కోసం వెతికేటప్పుడు పనికొస్తుంది. ప్రోబ్ కాస్త నొక్కినా పెరుగుతుంది. మూత్రం పోసే సమయంలో గ్రంథే కదులుతుంటుంది కాబట్టి అప్పుడు తీసిన మ్యాపు నిలబడదు, రంగులు ఫ్రేముకొక రకంగా మారిపోతాయి. మీ యూరాలజిస్టు అడిగింది గ్రంథి మెత్తదనం గురించి కాదు. లోపల నుంచి మూత్రం తోసుకొస్తున్నప్పుడు ప్రోస్టేట్ మధ్యలోని దారి ఎంత విచ్చుకుంటోంది అని. దానికి కావలసినవి మామూలు బీ-మోడ్ (నలుపు-తెలుపు బొమ్మ), సరిగ్గా నడిమధ్య సాజిటల్ తలం (కుడి, ఎడమలను విడదీసే నిలువు తలం), ఒక వీడియో క్లిప్, అదే క్షణంలో పక్కన నడుస్తున్న ప్రెషర్ ట్రేసింగ్ (బ్లాడర్ పీడనం గ్రాఫు). ఈ ట్రేసింగ్ లేకపోతే మిగతావన్నీ ఉన్నా "సాగుతోంది", "సాగడం లేదు" అని రిపోర్టు రాయకండి. ఎందుకో కింద చెబుతాను, ఈ పరీక్షలో తప్పులన్నీ అక్కడి నుంచే వస్తాయి.

పద్ధతి కొత్తదేమీ కాదు. 1980ల మొదట్లోనే అమెరికాలో పర్కాష్, ఫ్రీడ్‌లాండ్ వంటివాళ్లు వెన్నుపాము దెబ్బతిన్న మగవాళ్లకు రెక్టమ్‌లో లీనియర్ ప్రోబ్ పెట్టి, మూత్రం పోయిస్తూ బ్లాడర్ నెక్‌నీ (మూత్రాశయం మెడ) వెనక యురెత్రానీ (మూత్రం దారి పై భాగం) చూశారు. ఎక్స్‌రేలో కాంట్రాస్టు వెళ్లే దారి మాత్రమే కనిపిస్తుంది. అల్ట్రాసౌండ్‌లో దారితో పాటు దాని గోడ, గోడ చుట్టూ ఉన్న గ్రంథి కూడా కనిపిస్తాయి. దీని లాభం అంతా ఆ తేడాలోనే ఉంది.

శరీరధర్మం రెండు ముక్కల్లో. మూత్రం పోసే రిఫ్లెక్స్ కేంద్రం వెన్నుపాములో ఎస్2 నుంచి ఎస్4 దాకా (వెన్నుపాము అడుగు భాగం). అది ఉండేది టీ12, ఎల్1 వెన్నుపూసల ఎత్తులో. దెబ్బ టీ5 దగ్గర కాబట్టి ఆ కేంద్రం బతికే ఉంది, కానీ బ్లాడర్‌నీ స్ఫింక్టర్‌నీ (మూత్రాన్ని ఆపే కండరం) జోడుగా నడిపించే మెదడు కాండంతో తెగతెంపులైంది. అందుకే బ్లాడర్ బిగిసినప్పుడే బయటి స్ఫింక్టర్ కూడా బిగుస్తుంది. దీన్నే డిసినర్జియా అంటాం. బ్లాడర్ నెక్‌కు వెళ్లే సింపథెటిక్ నరాలు టీ10 నుంచి ఎల్2 మధ్య నుంచి వస్తాయి, అవి కూడా దెబ్బకు కిందే ఉన్నాయి. కాబట్టి ఈ మనిషిలో అడ్డు రెండు చోట్ల ఉండొచ్చు: ప్రోస్టేట్‌కు పైన బ్లాడర్ నెక్ దగ్గర, ప్రోస్టేట్‌కు కింద మెంబ్రేనస్ యురెత్రా (బయటి స్ఫింక్టర్ చుట్టుకుని ఉన్న భాగం) దగ్గర. ప్రోస్టేట్ ఈ రెండింటి మధ్య ఇరుక్కుని ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. కృష్ణా పశ్చిమ కాలువ మీద దుగ్గిరాల లాకుల దగ్గర తలుపులు దించితే పైన కాలువ గట్టు దాకా నిండుతుంది. పైన సీతానగరం దగ్గరే నీళ్లు ఆపేస్తే అదే కాలువ అడుగంటుతుంది. కాలువ వెడల్పు చూసి గట్టు మట్టి గురించి చెప్పలేం కదా. ఇదీ అంతే. బయటి స్ఫింక్టర్ మూసుకుని బ్లాడర్ నెక్ తెరుచుకుంటే, బ్లాడర్‌లో ఉన్న పీడనం దాదాపు అంతా ప్రోస్టేట్ లోపలి దారి మీద పడుతుంది. అది బెలూన్‌లా ఉబ్బుతుంది. చూడటానికి "బ్రహ్మాండంగా సాగుతోంది" అనిపిస్తుంది, నిజానికి అది కింద ఉన్న అడ్డుకు గుర్తు. బ్లాడర్ నెక్కే తెరుచుకోకపోతే కింద పీడనమే ఉండదు. గోడ ఎంత మెత్తనిదైనా దారి సన్నగానే ఉంటుంది. చూడటానికి "గట్టిపడింది" అనిపిస్తుంది, గోడకు మాత్రం ఏ జబ్బూ ఉండదు. సాగే గుణం గురించి మాట్లాడే హక్కు మనకు ఒక్క సందర్భంలోనే వస్తుంది: బ్లాడర్ నెక్ తెరిచి ఉందని కళ్లారా చూశాక, ఆ క్షణంలో డెట్రూసర్ (బ్లాడర్ గోడ కండరం) పీడనం ఎంతో తెలిశాక.

ప్రోబ్ సంగతి. టీ5 మనిషికి మొదట పెరీనియమ్ (వృషణాలకూ మలద్వారానికీ మధ్య చోటు) మీద నుంచి చూడమంటాను. 3.5 నుంచి 5 మెగాహెర్ట్జ్ కర్వ్‌డ్ ప్రోబ్‌కు జెల్ పోసి కవర్ తొడిగి, స్క్రోటమ్‌ను పైకి ఎత్తిపట్టి, వెనక నడిమధ్య పెడితే ప్యూబిక్ సింఫిసిస్ (పొత్తికడుపు కింద ముందువైపు ఎముకల కీలు), బ్లాడర్ నెక్, ప్రోస్టేట్ లోపలి దారి, మెంబ్రేనస్ భాగం ఒకే ఫ్రేములో వస్తాయి. రెక్టమ్‌ను రెచ్చగొట్టదు, ప్రోస్టేట్‌ను నొక్కదు. బొమ్మ కొంచెం మసకగా ఉంటుంది, అంతే. గోడ వివరాలు, అడ్డంకొలత కావాలంటే ట్రస్ తప్పదు. అప్పుడు 5 నుంచి 10 మెగాహెర్ట్జ్ బైప్లేన్ (నిలువు, అడ్డం రెండు తలాలూ చూపే) ప్రోబ్ వాడండి, లీనియర్ సాజిటల్ వైపు ఉన్నది. బయాప్సీలకు వాడే ఎండ్‌ఫైర్ (మొన నుంచి చూసే) ప్రోబ్‌తో ఈ పని సరిగా కుదరదు. దాని కోణం వల్ల దారి పొడవునా ఒకే తలంలో దొరకదు, దొరికించుకోవాలని చేతిని పైకి లేపితే ప్రోబ్ మొన ప్రోస్టేట్‌ను ముందుకు నొక్కేస్తుంది. ట్రస్ చేస్తే ప్రోబ్‌ను చేత్తో పట్టుకోకండి, స్టాండుకు బిగించండి. నొక్కుడు ఎక్కువైందని తెలుసుకోవడం తేలికే: పెరిఫెరల్ జోన్ (గ్రంథి వెనక పొర) పల్చగా పరుచుకుపోతుంది, ప్రోస్టేట్ వెనక అంచు చదునై పోతుంది. మిల్లీమీటరు మిల్లీమీటరు వెనక్కి తీసుకుంటూ, బొమ్మ పోకముందు ఆగండి.

మన ఊళ్లకు సంబంధించి ఒక మాట. విజయవాడ సూర్యారావుపేట అయినా గుంటూరు కొత్తపేట అయినా యూరోడైనమిక్స్ (బ్లాడర్ పీడనం కొలిచే పరీక్ష) గది ఒక నర్సింగ్‌హోములో, స్కానింగ్ మెషీను ఇంకో భవనంలో ఉండటం మామూలే. 1994 నాటి పీఎన్‌డీటీ (గర్భస్థ లింగ నిర్ధారణ నిరోధక) చట్టం కింద మెషీను ఏ ఆవరణకు నమోదైందో అక్కడే వాడాలి; "మగ పేషెంటే కదా, గంట సేపే కదా" అని ఆటోలో వేసుకుని పక్క వీధికి తీసుకెళ్లడానికి లేదు. ప్రెషర్ మెషీన్‌నే స్కానింగ్ గదికి తెప్పించుకోండి, దానికి ఆ బెడద లేదు.

తయారీలో రెండు మూడు రోజులు పడుతుంది. యూరిన్ కల్చర్ ముందే పంపండి. కాథెటర్ వాడేవాళ్ల మూత్రంలో క్రిములు కనిపించడం మామూలే కాబట్టి రిపోర్టు శుభ్రంగా వచ్చేదాకా ఆగనక్కర్లేదు, కానీ జ్వరం, మూత్రం మడ్డిగా ఉండటం, స్పాజమ్‌లు (కండరాలు బిగుసుకుపోవడం) కొత్తగా పెరగడం ఉంటే వాయిదా వేయండి. లేకుంటే కల్చర్‌లో పనిచేస్తుందని తేలిన మందు ఒక డోసు పరీక్షకు ముందు సరిపోతుంది. ముందురోజు సాయంత్రం బైసాకోడిల్ సపోజిటరీతో మలం ఖాళీ చేయించాలి. రెక్టమ్ నిండా ఉంటే బొమ్మ రాదు, ప్రెషర్ కూడా తప్పొస్తుంది. బ్లాడర్‌ను శాంతపరిచే ఆక్సీబ్యుటినిన్ లాంటి మందు వాడుతుంటే ఆపాలా వద్దా అన్నది యూరాలజిస్టునే అడగండి. మందు మీద ఎలా ఉందో చూడటం ఒక ప్రశ్న, మందు లేకుండా ఎలా ఉందో చూడటం వేరే ప్రశ్న. స్పాజమ్‌లు తగ్గించే బాక్లోఫెన్ మాత్రం ఎవరు చెప్పినా ఒక్కసారిగా ఆపించకండి. ఏళ్ల తరబడి రబ్బరు కాథెటర్లు వాడినవాళ్లలో లేటెక్స్ అలర్జీ ఉంటుంది, కండోమ్ కవర్ తొడిగే ముందు అడిగి తెలుసుకోండి. నిన్న, మొన్న సిల్డెనాఫిల్ గానీ టడలాఫిల్ గానీ వేసుకున్నాడా అని కూడా అడగాలి. భార్య, తల్లి పక్కన ఉండగా అడిగితే నిజం చెప్పడు. వాళ్లను బయటికి పంపి అడగండి.

ఆ ప్రశ్న ఎందుకంటే డిస్‌రెఫ్లెక్సియా వల్ల. దెబ్బ టీ6 గానీ అంతకు పైన గానీ ఉంటే బ్లాడర్ నిండినా, రెక్టమ్‌లో ప్రోబ్ పెట్టినా రక్తపోటు ఉన్నట్టుండి ఎగబాకుతుంది. మీ పేషెంటు టీ5. వీళ్ల మామూలు పై బీపీ 90 నుంచి 110 మధ్యే ఉంటుంది, కాబట్టి 135 చూసి నర్సు "నార్మలే సార్" అంటుంది. నార్మల్ కాదు. మొదలుపెట్టకముందు ఉన్న అంకెకు 20 పైన పెరిగితే అది డిస్‌రెఫ్లెక్సియా అనుకునే నడవాలి. తలపోటు, దెబ్బకు పైన ముఖం ఎర్రబడి చెమట పట్టడం, ముక్కు దిబ్బడ, నాడి నెమ్మదించడం తోడవుతాయి. కొందరిలో ఏ లక్షణమూ లేకుండా బీపీ ఒక్కటే పెరుగుతుంది, అందుకే కఫ్ చేతికే ఉంచి రెండు మూడు నిమిషాలకోసారి కొలుస్తూ ఉండాలి. వస్తే వరస ఇదీ: నింపడం ఆపండి, కాథెటర్ తెరిచి బ్లాడర్ ఖాళీ చేయండి, ప్రోబ్ తీసేయండి, లేపి కూర్చోబెట్టి కాళ్లు కిందకి దించండి, బిగుతుగా ఉన్నవన్నీ వదులు చేయండి. చాలామందికి అక్కడితో దిగిపోతుంది. పై బీపీ 150 దగ్గరే నిలిచిపోతే నిఫెడిపిన్ 10 మి.గ్రా. కొరికి మింగించడం గానీ క్యాప్టోప్రిల్ 25 మి.గ్రా. గానీ. నైట్రేటు వాడాలంటే పైన అడగమన్న ప్రశ్నకు జవాబు తెలిసి ఉండాలి; ఆ మాత్రలు వేసుకుని ఉంటే నైట్రేటు ఇవ్వకూడదు. ఈ మందులు ట్రేలో, డోసు చీటీతో సహా, ముందే ఉండాలి. ప్రోబ్‌కు ముందు రెక్టమ్‌లో 2 శాతం లిగ్నోకెయిన్ జెల్లీ పెట్టి అయిదు నిమిషాలు ఆగడం స్పర్శ లేదని మానేయకండి. స్పర్శ తెలియకపోయినా రిఫ్లెక్స్‌కు తెలుస్తుంది.

పడుకోబెట్టే తీరు: పెరీనియల్ అయితే వెల్లకిలా, మోకాళ్ల కింద దిండ్లు, ట్రస్ అయితే ఎడమ పక్కకు తిప్పి. తొడలు మరీ మడిస్తే స్పాజమ్ మొదలై ట్రేసింగ్ అంతా పాడవుతుంది. తిప్పేముందు వీపు, పిరుదులు, మడమలు చూడండి, పుండు ఉన్నచోట బరువు పడకూడదు. కూర్చోబెట్టి చేయగలిగితే మూత్రం సహజంగా వస్తుంది గానీ టీ5 మనిషి కమోడ్ మీద నిలకడగా ఉండడు. వెల్లకిలా చేసి ఆ మాట రిపోర్టులో రాయండి.

రెండు దారుల 6 ఫ్రెంచ్ యూరోడైనమిక్ కాథెటర్ వేయండి. 6 ఫ్రెంచ్ అంటే 2 మి.మీ. లావు; తెర మీద రెండు సమాంతర తెల్ల గీతల్లా కనబడుతుంది. పొట్ట పీడనానికి రెక్టల్ కాథెటర్, ట్రస్ చేస్తుంటే దాని మొన ప్రోబ్ తల కన్నా పైకి ఉండాలి. పక్కనే ఉంటే ప్రోబ్ కదిలిన ప్రతిసారీ పొట్ట పీడనం పెరిగినట్టు చూపి, డెట్రూసర్ పీడనం సున్నా కిందకు పడినట్టు లెక్క వస్తుంది. ట్రాన్స్‌డ్యూసర్లను గాలికి తెరిచి జీరో చేసి సింఫిసిస్ పై అంచు ఎత్తులో ఉంచాలి. మంచం ఎత్తు మార్చినా, మనిషిని పక్కకు తిప్పినా మళ్లీ సరిచూడాలి. ఇది మరిచిపోతే పీడనం పది సెంటీమీటర్లు అటో ఇటో తప్పొచ్చి, ఎవరూ గమనించరు. పెరీనియమ్ మీద ఈఎంజీ (స్ఫింక్టర్ బిగుసుకోవడాన్ని విద్యుత్ సంకేతంగా చూపేది) అంటింపులు పెడితే మంచిది, కాకపోతే పెరీనియల్ ప్రోబ్ జెల్‌తో అవి ఊడిపోతుంటాయి. ప్రోబ్‌కు రెండు పక్కలా ముందే అంటించి టేపు వేయండి.

సెలైన్ గోరువెచ్చగా, 37 డిగ్రీల దగ్గర ఉండాలి. మన దగ్గర మే నెలలో బయట 42 ఉన్నా ఏసీ గదిలో వేలాడదీసిన సీసా 24 దగ్గరే ఉంటుంది. ఆ చల్లదనానికే బ్లాడర్ ముందుగా బిగుసుకుంటుంది, నింపగలిగిన పరిమాణం తక్కువగా కనిపిస్తుంది. నిమిషానికి 10 నుంచి 20 మి.లీ. చొప్పున నింపండి, తొందరపడి 50 పెడితే వచ్చే సంకోచం మీరు తెప్పించిందే. ట్యూబులో గాలి పూర్తిగా తీసేయండి. గాలి బుడగ ప్రెషర్‌ను మందగిస్తుంది, బొమ్మలోనూ బ్లాడర్ నెక్ దగ్గర తెల్లగా మెరిసి వెనక నీడ వేస్తుంది. ఆ నీడను "బార్" (నెక్ దగ్గర అడ్డుకట్ట) అనుకుని రాసిన రిపోర్టులు కొన్ని బ్లాడర్ నెక్ ఆపరేషన్ దాకా పోతాయి.

మెషీన్ సెట్టింగులు: లోతు 6 సెం.మీ.కు తగ్గించండి (పెరీనియల్‌కు 8 నుంచి 9), సెక్టర్ ఇరుకు చేయండి, పర్సిస్టెన్స్, కాంపౌండింగ్ (బొమ్మలను కలిపి నునుపు చేసే సెట్టింగులు) ఆపేయండి. సెకనుకు 25 ఫ్రేములకు తగ్గకూడదు. పర్సిస్టెన్స్ ఉంటే బ్లాడర్ నెక్ తెరుచుకునే ఆ అర సెకను మసకలో కలిసిపోతుంది. వీడియోకూ ట్రేసింగుకూ గడియారం కలపడానికి దగ్గించడమే తేలిక: దగ్గు ట్రేసింగులో ముల్లులా, తెర మీద గ్రంథి కుదుపులా ఒకేసారి కనిపిస్తుంది. టీ5 మనిషి దగ్గులో బలం ఉండదు. అప్పుడు పొత్తికడుపు మీద వేలితో ఒక్కసారి తట్టి, ఆ క్షణాన రెండు మెషీన్లలోనూ మార్కు కొట్టండి. ఫ్లోమీటరుతో మాత్రం కలపకండి, చుక్క యురెత్రా దాటి గిన్నెలో పడేసరికి సెకను దాకా ఆలస్యమవుతుంది.

ఇప్పుడు ఏం చూడాలి. నింపడానికి ముందు ఒక క్లిప్: నడిమధ్య తలంలో పైన నల్లగా బ్లాడర్, దాని కింద మూసుకున్న నెక్, అక్కడి నుంచి కాథెటర్ గీతల వెంట దిగితే కొద్దిగా మెరిసే గడ్డలా వెరుమాంటానం (ప్రోస్టేట్ లోపలి దారి వెనక గోడ మీద ఉండే చిన్న ఉబ్బు), ఇంకా కింద దారి ముందుకు వంగి మెంబ్రేనస్ భాగంలోకి. వెరుమాంటానం మీ మైలురాయి. ప్రతి కొలతా దానికి సరిగ్గా పైన, ప్రతిసారీ అదే చోట తీయండి. 100 మి.లీ. దగ్గర ఒక క్లిప్. అక్కడే నెక్ తెరుచుకుని ఉంటే రాసుకోండి. ఇక సంకోచం వచ్చేదాకా నింపి, రాకపోతే పొత్తికడుపు తట్టించండి, రికార్డు ఆన్ చేసి ఉంచండి. చేత్తో గట్టిగా నొక్కి పోయించవద్దు; ఆ పీడనం వేరు, దాన్ని బట్టి గోడ గురించి ఏమీ తెలియదు, పైగా కిడ్నీలకు మంచిది కాదు. ఇంట్లో మామూలుగా నిండే పరిమాణాన్ని దాటి నింపకండి, 500 మి.లీ. అన్నది పై హద్దు.

మామూలు మనిషిలో నెక్ గరాటాలా తెరుచుకుంటుంది, నల్లటి మూత్రం వెరుమాంటానం దాటి కిందకి పరుచుకుంటుంది, మెంబ్రేనస్ దగ్గర కాస్త సన్నబడి సాగిపోతుంది. డిసినర్జియాలో నెక్ తెరుచుకున్నా నలుపు వెరుమాంటానం కిందకు వచ్చి ఠక్కున ఆగుతుంది. పై భాగం బేరిపండులా ఉబ్బుతుంది, కిందకి సూదిమొనలా ముగుస్తుంది. ఈఎంజీ అప్పుడే పెరుగుతుంది. కొన్ని సెకన్లకు స్ఫింక్టర్ వదిలితే ఆ ఉబ్బు ఒక్కసారిగా తగ్గి ధార వస్తుంది, మళ్లీ ఆగుతుంది. మీ పేషెంటు ఆగి ఆగి పోయడం సరిగ్గా ఇలాంటిదే అయ్యుండొచ్చు. ఉబ్బి ఉన్న సమయంలో గోడలో నుంచి గ్రంథిలోకి నల్లని పాయలు చీలుతున్నాయేమో చూడండి, ప్రోస్టేట్ నాళాల్లోకి మూత్రం ఎక్కుతోందని అర్థం. అక్కడే చుక్కలు చుక్కలుగా కాల్షియం మెరుస్తుంటుంది. మాటిమాటికీ జ్వరం, వృషణాల వాపు వచ్చేవాళ్లలో కారణం ఇక్కడ దొరకొచ్చు.

నెక్ తెరుచుకోని రకంలో పీడనం పెరుగుతూనే ఉంటుంది, నెక్ వెనక పెదవి దళసరిగా ముందుకు పొడుచుకుని ఉంటుంది, కింద దారిలో కాథెటర్ తప్ప ఏమీ కనిపించదు. ఇక్కడ "ప్రోస్టేట్ సాగడం లేదు" అని రాయకూడదు. "నెక్ తెరుచుకోలేదు, కాబట్టి ప్రోస్టేట్ సాగే గుణం అంచనా వేయడం కుదరలేదు" అని రాయాలి. వారం రోజులకు తక్కువ కాకుండా, నెక్‌ను వదులు చేసే టాంసులోసిన్ 0.4 మి.గ్రా. వాడించి మళ్లీ చూడమని సలహా ఇవ్వొచ్చు. టీ5 మనిషికి కూర్చోబెట్టగానే బీపీ పడిపోయే తత్వం ఉంటుంది కనుక రాత్రి పడుకునే ముందు వేయించడం క్షేమం.

నిజంగా గోడ సాగని రకం వేరు, 28 ఏళ్ల మనిషిలో అరుదు. నెక్ బాగా తెరుచుకుంది, పీడనం ఎక్కువగా ఉంది, కింద స్ఫింక్టర్ కూడా వదిలింది, అయినా ప్రోస్టేట్ లోపల ఒక చోట దారి కొలత మారలేదు. ఏళ్ల తరబడి ఫోలీ (లోపలే ఉంచే) కాథెటర్, పాత ప్రోస్టటైటిస్, ముందు జరిగిన ఆపరేషన్ మచ్చ, పెద్దవాళ్లలో ప్రోస్టేట్ పెరుగుదల కారణాలు. పక్కన కాథెటర్ చేసిన దొంగదారి ఉందేమో చూడండి. అది కూడా నల్లగా నిండి అసలు దారిలాగే కనిపిస్తుంది, కాకపోతే గుడ్డిగా ముగుస్తుంది.

కొలత. బైప్లేన్ ఉంటే రెండు పీడనాల దగ్గర ముందు-వెనక కొలత, అడ్డంకొలత తీయండి. ప్రోస్టేట్ లోపలి దారి గుండ్రం కాదు, వెరుమాంటానం చుట్టూ నెలవంకలా ఉంటుంది. సాజిటల్ కొలత ఒక్కదాన్నే వ్యాసం అనుకుంటే వైశాల్యం తక్కువొస్తుంది. లెక్క ఎలాగో చెప్పడానికి ఒక ఉదాహరణ: డెట్రూసర్ పీడనం 22 సెం.మీ. నీరు ఉన్నప్పుడు 3 × 5 మి.మీ., 64 ఉన్నప్పుడు 10 × 12 మి.మీ. అండాకారంగా తీసుకుని రెంటినీ గుణించి 0.785తో హెచ్చవేస్తే 11.8, 94.2 చదరపు మి.మీ. తేడా 82.4, పీడనం తేడా 42తో భాగిస్తే సెం.మీ. నీటికి సుమారు 2 చదరపు మి.మీ. కాథెటర్ ఆక్రమించిన 3 చదరపు మి.మీ. రెండు వైపులా ఉంటుంది కాబట్టి తీసివేతలో అదే పోతుంది. రెండు కొలతలూ పీడనం పెరిగే దశలోనే తీయండి. దిగేటప్పుడు అదే పీడనం దగ్గర దారి ఇంకా వెడల్పుగా ఉంటుంది, సాగిన కణజాలం వెంటనే ముడుచుకోదు. ఒకటి ఎక్కేటప్పుడూ ఒకటి దిగేటప్పుడూ తీస్తే లెక్కకు అర్థం ఉండదు. కనీసం రెండు సంకోచాలు రికార్డు చేసి రెండూ దగ్గరగా వస్తేనే అంకె ఇవ్వండి.

"ఎంత ఉంటే నార్మల్" అన్నారు. అందరూ ఒప్పుకున్న గీత అంటూ ఒకటి చేతికివ్వడానికి లేదు. మెషీను, తలం, కాథెటర్ లావు మారితే అంకె మారుతుంది. ఈ అంకె వాడవలసింది ఇదే మనిషికి మందుకు ముందూ తర్వాతా పోల్చడానికి. గట్టి హద్దు కావాలంటే పీడనానికి ఉంది: మూత్రం కారడం మొదలయ్యే సమయంలో డెట్రూసర్ పీడనం 40 సెం.మీ. నీటిని దాటితే కిడ్నీలకు ముప్పు అని 1981 నుంచీ అనుసరిస్తున్నారు. దారి ఎంత అందంగా విచ్చుకున్నా ఆ అంకె 64 ఉంటే కబురు మంచిది కాదు.

రిపోర్టు ఇలా ఉంటే యూరాలజిస్టుకు పనికొస్తుంది: "పెరీనియల్, తర్వాత ట్రస్ బైప్లేన్, వెల్లకిలా, తర్వాత ఎడమ పక్క, 6 ఫ్రెంచ్ కాథెటర్, నిమిషానికి 15 మి.లీ. 280 మి.లీ. దగ్గర తట్టగా సంకోచం, పీడనం 64. బ్లాడర్ నెక్ పూర్తిగా తెరుచుకుంది. ప్రోస్టేట్ లోపలి దారి వెరుమాంటానం పైన 10 × 12 మి.మీ.కు ఉబ్బింది, మెంబ్రేనస్ భాగం మూసుకుంది, ఈఎంజీ పెరిగింది. ప్రోస్టేట్ నాళాల్లోకి మూత్రం ఎక్కడం కుడివైపు. గోడ సాగుతోంది, అడ్డు ప్రోస్టేట్‌లో లేదు, బయటి స్ఫింక్టర్ దగ్గర ఉంది. బీపీ 104 నుంచి 128, బ్లాడర్ ఖాళీ చేయగానే తగ్గింది. మిగిలిన మూత్రం 240 మి.లీ." చివరి వాక్యాల్లో ఉన్న "అడ్డు ఎక్కడ" అన్న ముక్కే చికిత్సను మలుపు తిప్పుతుంది. ఇలాంటి ఫలితం వస్తే ప్రోస్టేట్‌నో నెక్‌నో కోయాల్సిన పని లేదు. చేతులు పనిచేసే టీ5 మనిషికి రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు తనే కాథెటర్ వేసుకోవడం, బ్లాడర్‌ను శాంతపరిచే మందు, అది చాలకపోతే డెట్రూసర్‌లో 200 యూనిట్ల బొటులినమ్. స్ఫింక్టరోటమీ (బయటి స్ఫింక్టర్‌ను కోయడం), కండోమ్ దారి చేతులు పనిచేయనివాళ్లకు మిగుల్చుకోవాలి. నెక్ కోస్తే వీర్యం వెనక్కి బ్లాడర్‌లోకి పోతుంది. 28 ఏళ్లకు అది చిన్న విషయం కాదు.

అదే పూట పొట్ట మీద నుంచి కిడ్నీలు చూసేయండి, నిండుగా ఉన్నప్పుడొకసారి, ఖాళీ చేశాకొకసారి. కిడ్నీలోకి మూత్రం వెనక్కి ఎక్కడాన్ని ఈ పరీక్ష నమ్మకంగా పట్టుకోలేదు. దానికి ఎంసీయూ (కాంట్రాస్టు నింపి మూత్రం పోయిస్తూ తీసే ఎక్స్‌రే) గానీ వీడియో యూరోడైనమిక్స్ గానీ చేయాల్సిందే, ఇది చేశాం కదా అని అవి ఆపకూడదు.

అయిపోయాక బ్లాడర్ పూర్తిగా ఖాళీ చేసి, బీపీ అరగంట చూసి పంపండి. సత్తెనపల్లి వైపో తెనాలి వైపో బస్సులో దూరం వెళ్లేవాళ్లయితే బయల్దేరేముందు ఇంకోసారి కాథెటర్ వేసి ఖాళీ చేయించండి, బస్సులో ఆ వీలుండదు. ఒకటి రెండు సార్లు మూత్రం ఎర్రజీరతో రావడం ఫరవాలేదు. తలపోటుతో ముఖం ఎర్రబడి చెమట పడితే లేపి కూర్చోబెట్టి కాథెటర్ వేయాలని, చలిజ్వరం వస్తే ఆ రాత్రే తీసుకురావాలని వెంట వచ్చినవాళ్లకు చెప్పడమే కాదు, తెలుగులో చీటీ రాసి జేబులో పెట్టించండి. వాళ్ల దగ్గరి ఆస్పత్రి డ్యూటీ డాక్టరుకు కూడా ఆ చీటీయే పనికొస్తుంది.